పసిబిడ్డ బొంత: విప్పవలసిన కుట్లు, ఉంచదగిన కుట్లు

ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పుట్టబోయే బిడ్డకో, ఈమధ్యే పుట్టిన బిడ్డకో స్వయంగా కుడుతున్న బొంతలో తప్పు దొర్లింది, ఇప్పుడేం చేయాలన్నదే ఆ విషయం. అందుకని మిగతా కుట్టుపని ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఇక్కడి చోటంతా బొంతకే కేటాయిస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాము, పేర్లు వేయలేదు.

ప్రశ్న: మా చెల్లెలికి పుట్టబోయే బిడ్డ కోసం 36 అంగుళాల వెడల్పు, 42 అంగుళాల పొడవు గల బొంత కుడుతున్నాను. పైన చదరపు ముక్కలు కలిపిన పొర, మధ్యలో నూలు దూది పొర, అడుగున ఒకే రంగు గుడ్డ. మూడింటినీ కలిపి 2 అంగుళాల ఎడంతో నిలువు గీతలుగా మెషిన్ మీద కుట్టడం ఒక అంచు నుంచి మొదలుపెట్టాను. 12 గీతలు పూర్తయ్యాక తిప్పి చూస్తే, అడుగు గుడ్డ మూడు చోట్ల మడత పడి కుట్టులో చిక్కుకుపోయి ఉంది. పై ముక్కలు కూడా ఒక పక్కకు వాలినట్టు కనిపిస్తున్నాయి. “అడుగునే కదా, ఎవరు చూస్తారు, అలా ఉంచెయ్యి” అంటున్నారు ఇంట్లోవాళ్లు. నాకు మనసొప్పడం లేదు. ఇంకా నెల రోజుల గడువు ఉంది. మొత్తం విప్పాలా?

జవాబు: మీ ఉత్తరం చదవగానే ముందుగా చెప్పాలనిపించిన మాట, ఈ రాత్రి దాని జోలికి వెళ్లకండి. తప్పు కనిపించిన క్షణంలో రిప్పర్ (కుట్లు తెంచే చిన్న పనిముట్టు) చేతబట్టినవాళ్లు కుట్లతోపాటు గుడ్డను కూడా కోసుకోవడం నేను చాలాసార్లు చూశాను. రేపు పగటి వెలుతురులో బొంతను నేల మీద బోర్లా పరిచి, అరచేతిని అడుగు గుడ్డ మీద ఒక చివర నుంచి మరో చివరకు నెమ్మదిగా జరపండి. కంటికి అందని లోపం కూడా అరచేతికి తెలుస్తుంది. చేతికి గట్టిగా తగిలిన ప్రతిచోటా ఒక పిన్నీసు గుచ్చి గుర్తు పెట్టుకోండి.

ఇలాంటి సందర్భాల్లో నేను చూసేవి రెండే. ఆ తప్పు నలభై, యాభై ఉతుకులకు తట్టుకుంటుందా? ఆ తప్పులో బిడ్డ వేలు దూరుతుందా? పసిబిడ్డ బొంతకు వేరే పరీక్ష అక్కర్లేదని నా నమ్మకం. కుట్టు గీత కాస్త వంకర పోవడం, ముక్కల మూలలు సరిగ్గా కలవకపోవడం, ఒకచోట కుట్లు చిన్నవిగా, ఇంకోచోట పెద్దవిగా పడటం వంటివన్నీ కంటికి సంబంధించినవి. నూలు దూది పొర మొదటి ఉతుకులో సుమారు 3 నుంచి 5 శాతం వరకు కుదించుకుపోతుంది కనుక, బొంత మొత్తం మీద సన్నని ముడుతలు లేచి, అటువంటి చిన్న వంకరలు వాటిలో కలిసిపోతాయి. కుట్టులో చిక్కిన మడత సంగతి వేరు. ఆ మడత చిన్న జేబులా నోరు తెరుచుకుని ఉంటుంది, వేలు దూరుతుంది. మడత అంచు మిగతా గుడ్డ కంటే ఎత్తుగా ఉంటుంది కాబట్టి రాపిడి అంతా దాని మీదే పడి, ముందుగా అక్కడే చిరుగుతుంది. ఎవరు చూస్తారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. కాబట్టి ఆ మూడు మడతలనూ విప్పవలసిందే.

ఇక ముక్కలు వాలడం గురించి. ముక్కలు కలిపిన ఏదో ఒక నిలువు కుట్టును ఎంచుకుని, దాని పక్కన పొడవాటి స్కేలు పెట్టి చూడండి. 42 అంగుళాల పొడవులో ఆ కుట్టు పావు అంగుళానికి మించి పక్కకు జరగకపోతే పట్టించుకోకండి. అర అంగుళమో అంతకంటే ఎక్కువో జరిగి ఉంటే మాత్రం అది ఆగే తప్పు కాదు, మిగిలిన గీతలు కుట్టేకొద్దీ పెరుగుతుంది. కారణం మెషిన్ పనితీరులోనే ఉంది. సూది కింద ఉండే మెషిన్ పళ్లు అడుగు గుడ్డను వెనక్కి లాక్కుపోతుంటే, పైనున్న ఫుట్, అంటే గుడ్డను నొక్కి ఉంచే పాదం, పై పొరను వెనక్కి జరగనీయకుండా నొక్కి పడుతుంది. ఒక్కో గీతకు వెంట్రుకవాసి తేడా వచ్చినా పన్నెండు గీతలకు అది కనిపించేంత అవుతుంది. పైగా మీరు అంచు నుంచి మొదలుపెట్టారు కనుక, వదులంతా ఒకే దిక్కుకు నెట్టుకుంటూ వెళ్లి, పోవడానికి చోటు లేక మడతగా మారింది. నా అంచనా ప్రకారం మీ మడతలూ, ఈ వాలూ రెండూ ఒకే తప్పుకు పుట్టినవి. స్కేలు కూడా ఆ మాటే చెబితే, 12 గీతలనూ విప్పండి. స్కేలు వాలు లేదని చెబితే, మడతల మీదుగా పోయే గీతలను మాత్రం, మడతకు అటూ ఇటూ 4, 5 అంగుళాలు దాటేవరకు విప్పితే చాలు.

విప్పే పద్ధతి తెలిస్తే ఇది భయపడేంత పని కాదు. మెషిన్ కుట్టులో పైదారం, బాబిన్ (అడుగున ఉండే చిన్న దారపు చుట్ట) దారం రెండూ దూది పొర మధ్యలో ఒకదానినొకటి మెలిక వేసుకుని ఉంటాయి. ఒక వైపు దారాన్ని అక్కడక్కడా తెంచితే, మెలికలకు పట్టు పోయి, రెండో వైపు దారం ఒకే పోగుగా లేచి వస్తుంది. కాబట్టి బొంతను బోర్లా వేసుకుని, అడుగున ప్రతి నాలుగో కుట్టు కిందకు రిప్పర్ మొనను దూర్చి, పైకెత్తి, దారం తెగిన చిన్న చప్పుడు కాగానే ఆపండి. మొన ఎప్పుడూ పైకే చూస్తుండాలి, గుడ్డ వైపు వంగకూడదు. అర మూర మేర ఇలా తెంచాక బొంతను తిప్పి, పైదారం కొసను గోటితో లేపి, గుడ్డకు దాదాపు సమాంతరంగా, మెల్లగా లాగండి. తేలికగా వస్తే సరి. ఎక్కడైనా పట్టేసినట్టు అనిపిస్తే లాగడం ఆపి, వెనక ఇంకో రెండు కుట్లు తెంచండి. పట్టుబట్టి లాగితే దారంతోపాటు దూది పోగులు కూడా పైకి వస్తాయి, గుడ్డ కుచ్చులా దగ్గరకు జరుగుతుంది.

మీ కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లు అనుకుంటే, అంగుళానికి సుమారు 10 కుట్లు, 42 అంగుళాల గీతకు 420 కుట్లు, ప్రతి నాలుగోది తెంచితే గీతకు 105 తెంపులు. నా చేతికైతే ఒక్కో గీతకు ఇరవై నిమిషాల పైచిలుకు పడుతుంది. రోజుకు మూడు గీతల చొప్పున నాలుగు రోజుల పని. మీకు నెల గడువు ఉంది కనుక తొందర లేదు. ఒకే కూర్చుబాటులో పూర్తి చేయాలని మాత్రం అనుకోకండి, కళ్లు అలసిన తర్వాతే రిప్పర్ గుడ్డలోకి దిగుతుంది.

దారం ముక్కలన్నీ పోయాయని నిర్ధారించుకున్న తర్వాత, అంటే జిగురు టేపును అరచేతికి తిరగేసి చుట్టుకుని రెండు వైపులా అద్దిన తర్వాత, మూడు పొరలనూ విడదీయండి. పై పొరను, అడుగు గుడ్డను విడివిడిగా ఇస్త్రీ చేసి, దూది పొరను ఒక రాత్రి పరిచి ఉంచండి. దూదికి నేరుగా ఇస్త్రీ పెట్టకండి, అందులో పాలియెస్టర్ కలిసి ఉంటే వేడికి అణగిపోతుంది, కరిగినా కరుగుతుంది.

తిరిగి కుట్టడంలో అసలు జాగ్రత్తంతా మెషిన్ ముందు కూర్చోక ముందే పడాలి. అడుగు గుడ్డను తిరగేసి నేల మీద పరిచి, నాలుగు వైపులా టేపుతో అతికించండి. గుడ్డ తిన్నగా ఉండాలి, సాగకూడదు. సాగదీసి అతికిస్తే టేపు తీయగానే వెనక్కి ముడుచుకుని మళ్లీ ముడతలే వస్తాయి. దాని మీద దూది, దాని మీద పై పొర వేసి, మధ్య నుంచి అంచులకు అరచేతితో సర్దుతూ, ప్రతి 3, 4 అంగుళాలకు ఒక పిన్నీసు చొప్పున పెట్టండి. మీ పిడికిలిని ఎక్కడ ఆనించినా దాని కింద ఒక పిన్నీసు తగలాలి. మొదటిసారి పిన్నీసులు పలచగా పెట్టి ఉంటారని నాకు గట్టి అనుమానం. టాకాలు వేయడం అలవాటైనవాళ్లు పొడవాటి టాకాలే వేసుకోవచ్చు, ఫలితం ఒకటే.

ఈసారి మొదటి గీతను బొంత సరిగ్గా మధ్యలో నిలువుగా, రెండోదాన్ని మధ్యలో అడ్డంగా కుట్టండి. ఆ రెండూ పడితే పొరలు నాలుగు భాగాలుగా కుదురుకుంటాయి. తర్వాత మధ్య నుంచి కుడి అంచుకు, మళ్లీ మధ్య నుంచి ఎడమ అంచుకు జరుగుతూ పోవాలి. వాకింగ్ ఫుట్ దొరికితే తప్పక బిగించండి. దానికి కూడా పళ్లు ఉంటాయి కనుక, కింది పళ్లతో సమానంగా పై పొరను కూడా నడిపిస్తుంది. అది లేకపోతే ఫుట్ నొక్కుడు తగ్గించి, కుట్టు పొడవును 3 మిల్లీమీటర్లకు పెంచి, నిదానంగా కుట్టండి. ప్రతి గీత అయ్యాక తిప్పి చూడండి. మీరు పన్నెండు గీతల తర్వాత చూశారు, మొదటి గీత తర్వాతే చూసి ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరమే వచ్చేది కాదేమో.

ప్రశ్న: తప్పు కుట్లు విప్పుతుంటే రిప్పర్ జారి పై పొర మీద దాదాపు అంగుళం మేర చీలిక పడింది. విప్పినచోట సూది రంధ్రాలు కూడా వరుసగా కనిపిస్తున్నాయి. ఈ బొంత ఇక పనికిరాదా?

జవాబు: పనికొస్తుంది. ముందు రంధ్రాల సంగతి చూద్దాం. సూది దిగినప్పుడు చాలావరకు పోగులు తెగవు, పక్కకు జరుగుతాయి. జరిగిన పోగులను తిరిగి దగ్గరకు తేవాలంటే, ఆ వరుస మీద కాసిని నీళ్లు చిలకరించి, వేలి గోటిని పడుగు వెంట ఒకసారి, పేక వెంట ఒకసారి తేలికగా గీకండి. రంధ్రం కళ్ల ముందే మూసుకుపోతుంది. మిగిలినవి ఉతికినప్పుడు సర్దుకుంటాయి. బాతిక్ వంటి దట్టమైన నేత గుడ్డల మీద మాత్రం గుర్తులు కొంతకాలం నిలుస్తాయి. ఒకటి గుర్తుంచుకోండి, తిరిగి కుట్టేటప్పుడు పాత రంధ్రాల వరుసకు ఆనుకుని, వెంట్రుకవాసి ఎడంలో కొత్త వరుస వేయకండి. పక్కపక్కన రెండు రంధ్రాల వరుసలు పడితే గుడ్డ అక్కడ కాగితంలా చిరుగుతుంది. పాత గీత మీదే కుట్టండి, లేదా కనీసం పావు అంగుళం ఎడంగా జరగండి.

చీలిక విషయంలో మీ బాధ నాకు బాగా తెలుసు. ఏళ్ల క్రితం ఒక బొంత అంచు దగ్గర, కుట్లను ఒక్కొక్కటిగా తెంచే ఓపిక లేక, రిప్పర్‌ను గాడిలో పెట్టి ముందుకు తోసేశాను. రెండు ముక్కలను కలిపిన మామూలు కుట్టును అలా విప్పవచ్చు, అందుకోసమే రిప్పర్‌కు ఒక కొస ఎర్రని గుండు ఉంటుంది. మూడు పొరల బొంత మీద మాత్రం ఆ పని చేయకూడదు, లోపల దూది మెత్తగా కుంగుతుంది కనుక గుడ్డ ఎత్తుగా లేచి బ్లేడు కిందకు వస్తుంది. పసుపు రంగు చదరం మధ్యలో చీలిక పడి, దాని లోంచి తెల్లని దూది కనిపించిన ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అప్పుడు చేసిందే మీకూ చెబుతున్నాను. బయటికి వచ్చిన దూదిని కత్తిరించకండి, సూది వెనుక కొసతో లోపలికి నెట్టండి. చీలిక రెండు పెదవులనూ లాగి బిగించకుండా, దగ్గరకు మాత్రం చేరేలా, సన్నని దారంతో నాలుగైదు వాలు కుట్లు వేయండి. తర్వాత బొంతలో ఇప్పటికే ఉన్న ఒక గుడ్డ నుంచి, చీలిక కంటే అన్ని వైపులా అర అంగుళం పెద్దదిగా ఒక ఆకు ఆకారమో, గుండ్రని ఆకారమో కత్తిరించి, అంచును పావు అంగుళం లోపలికి మడిచి, ఆ చోట కనపడని కుట్టుతో చేత్తో అతకండి. కుట్లు దగ్గర దగ్గరగా ఉండాలి. ఒక్కచోటే అతికితే అది అతుకులాగే కనిపిస్తుంది. అటువంటివే ఇంకో రెండు ఆకులు, ఒకటి పక్కన, ఒకటి దూరంగా ఉన్న మూలలో వేస్తే అది బొంత అందంలో భాగమవుతుంది. నేను ఆ బొంత మీద మూడు ఆకులు వేశాను. బిడ్డ బోర్లా పడుకోవడం నేర్చిన రోజుల్లో, చేత్తో తడిమి తడిమి చూసింది ఆ ఆకులనేనని దాని తల్లి చెప్పింది.

ప్రశ్న: నా బొంతకు పైన కుట్టు చక్కగా ఉంది. అడుగున మాత్రం దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది. బాబిన్ పాడైందా? కుట్టినదంతా విప్పడానికి ఎన్ని రోజులు పడుతుందో తలచుకుంటేనే నీరసం వస్తోంది.

జవాబు: దాదాపు ప్రతిసారీ బాబిన్‌ను నిందిస్తాం కానీ, అడుగున ఉచ్చులు కనిపిస్తే తప్పు పైదారానిది. పైదారం టెన్షన్ బిళ్లల (దారాన్ని బిగువుగా పట్టి ఉంచే బిళ్లల) మధ్య కూర్చోలేదన్నమాట. ఫుట్ దించి ఉన్నప్పుడు ఆ బిళ్లలు మూసుకుని ఉంటాయి కాబట్టి, ఆ సమయంలో దారం ఎక్కిస్తే అది బిళ్లల మధ్యకు దిగకుండా పైపైనే ఉండిపోతుంది. ఫుట్ పైకెత్తి దారాన్ని మొదటి నుంచి మళ్లీ ఎక్కించండి. బొంతలోని గుడ్డా, దూదీ మిగిలిన ముక్కలతో చిన్న నమూనా చేసుకుని దాని మీద కుట్టి చూడండి. అప్పటికీ ఉచ్చులు వస్తే టెన్షన్‌ను ఒక్కో అంకె చొప్పున పెంచండి. పైదారం మరీ బిగుసుకుంటే ఇందుకు తిరగబడి, బాబిన్ దారం చుక్కలు చుక్కలుగా పైకి కనిపిస్తుంది. సూది పాతదైతే మార్చండి, సుమారు 8 గంటల కుట్టుకు ఒక సూది అన్నది చాలామంది పాటించే లెక్క.

మీ నీరసం తగ్గించే మాట ఒకటి ఉంది. ఇలాంటి కుట్టును విప్పడం అన్నిటికంటే సులువు. పైదారం వదులుగా ఉన్నప్పుడు బాబిన్ దారం మెలిక పడకుండా, తాడులా తిన్నగా పడుకుని ఉంటుంది. ఒక కొసన తెంచి ఆ దారాన్ని పట్టుకుని లాగితే, చాలాచోట్ల గీత మొత్తం తెంపులు లేకుండానే ఊడి వస్తుంది.

విప్పకుండా ఉంచవచ్చా అని మీరు అడగలేదు కానీ, అడిగినా వద్దనే చెబుతాను. బిడ్డ కాలివేలు ఆ ఉచ్చులో దూరవచ్చు. దారమో, వెంట్రుకో పసిబిడ్డ వేలికి చుట్టుకుని బిగుసుకుంటే రక్తప్రసరణ ఆగి వేలు వాచిపోతుంది. బిడ్డ ఎందుకు ఏడుస్తున్నాడో తెలియక పెద్దవాళ్లు పాలకని, నిద్రకని అనుకుంటూ ఉండిపోయే ప్రమాదం ఉంది. పిల్లల వైద్యులకు బాగా తెలిసిన విషయమే ఇది. కనుక ఉచ్చులున్న గీత ఒక్కటైనా బొంతలో మిగలకూడదు.

ప్రశ్న: నేను మెషిన్ వాడను, చేతి కుట్టే. మనవరాలి కోసం కుట్టిన బొంత పూర్తి కావచ్చింది. మొదట వేసిన కుట్లు పెద్దవిగా, ఎగుడుదిగుడుగా ఉన్నాయి, చివర వేసినవి సన్నగా, పొందికగా ఉన్నాయి. మొదటి సగం విప్పి మళ్లీ కుట్టమంటారా?

జవాబు: వద్దమ్మా. దయచేసి విప్పకండి. కుట్టు పొడవు అర అంగుళం దాటి, వేలు పట్టేంత వదులుగా ఉన్నచోట మాత్రం ఆ నాలుగు కుట్లూ సరిచేయండి. మిగతాది మీ చేయి కుదురుకున్న క్రమం. చేతి కుట్టులో చూడవలసింది ముడులు. ప్రతి ముడినీ చిన్నగా లాగి దూది పొరలోకి దింపారా, కొస దారాన్ని అంగుళం మేర లోపలికి నడిపించి తెంచారా అన్నది చూసుకోండి. పైన మిగిలిన ముడి ఉతుకులో విడిపోతుంది, దాని వెనుక కుట్లన్నీ వదులవుతాయి.

ప్రశ్న: కుట్టవలసిన గీతలను నీటితో పోయే నీలి పెన్నుతో గీసుకున్నాను. తప్పు కుట్లు విప్పాక, ముడతలు పోవాలని ఇస్త్రీ చేశాను. ఇప్పుడు గీతలు పోవడం లేదు.

జవాబు: నీటితో పోయే సిరాకు వేడి తగిలితే అది గుడ్డకు పట్టుకుంటుంది. అందుకే కడగకముందు ఇస్త్రీ చేయకూడదు. ఇప్పుడు బొంతను చల్లటి నీళ్లలో చాలాసేపు నానబెట్టి, సబ్బు లేకుండా ఒకసారి, సబ్బుతో మరోసారి ఉతికి చూడండి. కొంతవరకు పోవచ్చు, పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను. మిగిలిన గీతల మీదుగానే కాస్త ముదురు రంగు దారంతో కుట్టడం నాకు తోచిన మార్గం. వేడితో మాయమయ్యే పెన్నులది ఇంకో రకం చిక్కు, బాగా చలి తగిలితే ఆ గీతలు తిరిగి కనిపిస్తాయి. పసిబిడ్డ బొంతకు నేను సుద్దనే వాడతాను. త్వరగా చెరిగిపోతుందన్న మాట నిజమే, గీసిన వెంటనే కుట్టుకోవాలి.

ప్రశ్న: అంచు పట్టీ కూడా వేసి పూర్తి చేశాను. నేల మీద పరిస్తే అంచులు అలల్లా లేస్తున్నాయి, మధ్య భాగం మాత్రం చదునుగా ఉంది. పట్టీ విప్పి మళ్లీ వేస్తే సరిపోతుందా?

జవాబు: పట్టీ విప్పే ముందు బొంత కుట్టును ఒకసారి పరిశీలించండి. కుట్టు దట్టంగా పడినచోట గుడ్డ దగ్గరకు చేరుతుంది, పలచగా పడినచోట విశాలంగా ఉండిపోతుంది. మధ్యలో అంగుళానికో గీత, అంచుల్లో అయిదు అంగుళాలకో గీత కుట్టి ఉంటే అంచులు అలలెత్తడం సహజం. అప్పుడు పట్టీ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. మధ్య భాగం జోలికి పోకుండా, అంచుల్లో ఇంకొన్ని గీతలు కలపండి, విప్పే పని లేకుండానే సరి అవుతుంది. దూది పొర ప్యాకెట్ మీద గీతల మధ్య ఎంత ఎడం దాటకూడదో రాసి ఉంటుంది, దానితో కూడా సరిచూసుకోండి. ఎడం ఎక్కువైతే ఉతికేకొద్దీ దూది ఉండలు కడుతుంది.

కుట్టు అంతటా సమానంగానే ఉంటే తప్పు పట్టీదే. కుట్టేటప్పుడు మెషిన్ కింద అంచు సాగి ఉంటుంది. అప్పుడు పట్టీ విప్పి, బొంత వెడల్పును అంచు దగ్గర కాకుండా మధ్యలో కొలిచి, పట్టీ మీద ఆ కొలతకు గుర్తు పెట్టుకుని, అంచును ఆ కొలతలోకి కొద్దికొద్దిగా సర్దుతూ గుండుసూదులతో నిలిపి కుట్టండి. 2.5 అంగుళాల వెడల్పు పట్టీని సగానికి మడిచి రెండు మడతలుగా వేస్తే పిల్లల బొంత అంచుకు మన్నిక ఎక్కువ. నోట్లో పెట్టుకునేది అంచునే కదా.

ప్రశ్న: రెండుసార్లు విప్పి, మూడోసారి కుట్టి బొంత ముగించాను. పాపకు రెండో నెల. రాత్రి నిద్రలో కప్పవచ్చా? ఇచ్చే ముందు ఇంకేమైనా చూసుకోవాలా?

జవాబు: మూడోసారి కూర్చుని ముగించిన మీ పట్టుదలకు నా నమస్కారం. కప్పడం విషయంలో మాత్రం కచ్చితంగా చెప్పాలి, ఏడాది నిండేవరకు నిద్రలో పాపకు బొంత కప్పకండి, పక్కన పెట్టకండి, కింద కూడా వేయకండి. మెత్తని బట్ట ముఖం మీదకు వస్తే తొలగించుకునే శక్తి ఆ వయసు బిడ్డకు ఉండదు. పసిపిల్లలు పడుకునేచోట విడి దుప్పట్లు, బొంతలు, దిండ్లు ఉండకూడదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో సవరించిన సూచనల్లో కూడా స్పష్టంగా ఉంది. అంత కష్టపడి కుట్టింది దాచిపెట్టాలా అని బాధపడకండి. పాప మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి, మీరు పక్కన కూర్చుని, దాని మీద బోర్లా పడుకోబెట్టి ఆడించండి. బొంత మీది రంగులను పాప మొదటగా చూసేది అప్పుడే.

ఇచ్చే ముందు చేయవలసింది ఒకటి ఉంది, దీన్ని ఎవరూ వదిలిపెట్టకూడదని నా విన్నపం. విప్పి కుట్టిన బొంతలో పిన్నీసులు రెండు, మూడుసార్లు ఎక్కి దిగి ఉంటాయి. గుండుసూదులు కూడా వాడి ఉంటారు. మొదట్లోనే లెక్కపెట్టుకుని ఉంటే ఇప్పుడు పెట్టెలో ఆ లెక్క సరిపోయిందో లేదో చూడండి. లెక్కలేకపోతే ఒక బలమైన అయస్కాంతాన్ని బొంత రెండు వైపులా, అంచు పట్టీ మీద మరింత నెమ్మదిగా, అంగుళం అంగుళం జరపండి. పొరల మధ్య విరిగిన సూది మొన ఉన్నా చాలావరకు చేతికి చిన్న లాగుడు తెలుస్తుంది. ఆ తర్వాత బొంతను రెండు చేతులతో పిసుకుతూ, మెత్తగా కాక గుచ్చుకున్నట్టు తగిలే చోటేదైనా ఉందేమో చూడండి. ముదురు ఎరుపు, నీలం వంటి గుడ్డలు కలిపి ఉంటే మొదటి ఉతుకు చల్లటి నీళ్లలో, విడిగా వేయండి. ఆరాక అడుగు వైపు మరోసారి అరచేతితో తడిమి, తేలిన దారం కొసలేమైనా ఉంటే సూదితో లోపలికి నడిపించి, అప్పుడు పాప కింద పరచండి.